పాత కంప్యూటరు విరాళమా, చెత్తా?

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు మద్దతు (భద్రతా అప్‌డేట్లు) ఆగిపోయింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కొత్త తరం ప్రాసెసరు లేని కంప్యూటర్లు చక్కగా పనిచేస్తున్నా ఆఫీసుల్లోంచి బయటికి వస్తున్నాయి. వాటిని మన బడికి ఇప్పించమని కోనసీమ ఊళ్లవాళ్లు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉన్న తమవాళ్లను అడగడం సహజమే. అయితే ఈ ఇచ్చిపుచ్చుకోవడం వెనక ముప్పయ్యేళ్లు దాటిన పేచీ ఒకటి ఉంది.

సంపన్న దేశాల విషపు చెత్త పేద దేశాల రేవుల్లో దిగుతోందన్న ఆందోళనతో 1989లో, ప్రమాదకర వ్యర్థాలు దేశాల ఎల్లలు దాటడాన్ని అదుపుచేసే బాసెల్ ఒప్పందం కుదిరి, 1992లో అమల్లోకి వచ్చింది. 1990ల చివర్లోనే లండన్‌లో కంప్యూటర్ ఎయిడ్ ఇంటర్నేషనల్ అనే ధర్మసంస్థ మొదలైంది. కంపెనీలు తీసేసిన కంప్యూటర్లను సేకరించి, హార్డ్‌డిస్కుల్లోని సమాచారాన్ని పూర్తిగా తుడిచేసి, పరీక్షలో నెగ్గినవాటినే ఆఫ్రికా, లాటిన్ అమెరికా బడులకు పంపడం దాని పద్ధతి. చైనాలోని గుయ్యూలో, ఘనాలోని అగ్బొగ్‌బ్లోషీలో పాత ఎలక్ట్రానిక్ సామాను తీగలు కాల్చి రాగి తీసే దృశ్యాలు లోకానికి తెలిశాక మాత్రం, పరీక్షించకుండా పంపే సరుకుకు విరాళమని పేరుపెట్టడం ఎవరికీ నమ్మశక్యంగా లేకపోయింది. బాసెల్ ఒప్పందం ప్రకారం 2025 జనవరి 1 నుంచి ప్రమాదకరం కాని ఎలక్ట్రానిక్ చెత్తను పంపాలన్నా, దిగుమతి చేసుకునే దేశం ముందుగా ఒప్పుకోవాలి.

మన దేశంలోకి వాడిన కంప్యూటర్లు తేవడంపై ఎలాగూ ఆంక్షలున్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాలు వాటిని బాగుచేసే సంస్థలను కూడా నమోదు చేయించుకోమన్నాయి. అందువల్ల అమెరికా నుంచి ఓడలో పంపించుకోవడం కన్నా హైదరాబాదులో బాగుచేయించి లారీలో తెచ్చుకోవడమే తేలిక అని నా అభిప్రాయం.

తెచ్చాక మొదలయ్యేది అసలు పని. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి కనెక్టర్లు చిలుము పడతాయి; మెమరీ (ర్యామ్) పలక అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది తిరిగి బిగిస్తే లేచి కూర్చునే కంప్యూటర్లు కొన్ని ఉంటాయి (చచ్చిపోయిందని పక్కన పడేసినవాటిలోనూ ఇవి ఉండొచ్చు). అంతకన్నా చిన్న జబ్బు, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోవడం. అప్పుడు కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, తేదీ తప్పితే చాలా సైట్లు భద్రత లేదంటూ తెరుచుకోవు. నేను చూసిన ఒక బడిలో, కొబ్బరిబొండాం ఖరీదుకు అటూఇటూగా దొరికే ఆ బ్యాటరీ కొనడానికి ఏ పద్దులో రాయాలో తేలక, విరాళంగా వచ్చిన మూడు కంప్యూటర్లపై ఏడాదిగా దుప్పటి కప్పి ఉంచారు.