స్పీడు కార్లు: మా షెడ్డులో రోజూ వినే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

నల్లగొండలో హైదరాబాద్ రోడ్డు మీద మా షెడ్డు. సాయంత్రం ఆరు దాటిందంటే పని కన్నా ముచ్చట్లే ఎక్కువ. పోలో జీటీ నడిపే తమ్ముడొకడు, ఐ20 ఎన్ లైన్ ఉన్న వాళ్ల బావ, ఏ కారూ లేకుండానే అన్ని కార్ల జాతకాలూ చెప్పే ఇంకొకాయన. ముగ్గురూ చేరితే ఒకటే పంచాయితీ: "అన్నా, నెక్స్ట్ ఏం తీసుకోవాలె?" వర్టస్ జీటీనా, వెర్నా టర్బోనా, ఇంకొన్ని పైసలు కలిపి పాత ఆక్టేవియా ఆర్ఎస్ వెతకాలా? పద్దెనిమిదేళ్లుగా బోనెట్లు ఎత్తుతున్నాను. ఈ పంచాయితీలో వినపడే మాటల్లో సగం వీడియోల్లోవి, సగం పక్కోడు చెప్పినవి. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: హార్స్‌పవర్ ఎక్కువున్న కారే ముందు పోతుంది

వెర్నా టర్బోకు 160 పీఎస్ (హార్స్‌పవర్ లెక్కే), వర్టస్ జీటీలోని 1.5 ఇంజిన్‌కు 150. ఈ పదింటి కోసం మొన్న గంటసేపు కొట్లాడుకున్నారు. టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం చూస్తే వెర్నాకు 253 న్యూటన్ మీటర్లు, వర్టస్‌కు 250. తేడా లేనట్టే.

మన దగ్గర పికప్ సంగతి తేలేది దేవరకొండ రోడ్డులో బస్తాల లారీని దాటేటప్పుడు. బండి 50లో ఉంటుంది, ఎదురుగా దూరంగా బస్సు కనపడుతుంటుంది. 50 నుంచి 90కి ఎంత తొందరగా పోతామన్నదే అప్పుడు లెక్క. బ్రోచర్‌లో వేసే పీఎస్ అంకె ఇంజిన్ ఐదారు వేల ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) మీద తిరిగేటప్పటిది. లారీ వెనక మూడో గేరులో 2,000 దగ్గర ఉన్న ఇంజిన్‌కు ఆ అంకెతో పనిలేదు, ఆ ఆర్‌పీఎంలో టార్క్ ఎంత దొరుకుతుందో అదే కావాలి. వర్టస్ 1.5లో ఆ 250 టార్క్ మొత్తం 1,600 నుంచే అందుతుంది. ఐ20 ఎన్ లైన్‌ది 120 పీఎస్సే, కానీ 172 టార్క్ 1,500 నుంచే వస్తుంది, బండి కూడా చిన్నది. క్లాక్ టవర్ దగ్గర నుంచి బైపాస్ ఎక్కేదాకా అది ఇచ్చే హుషారు పెద్ద కార్లలో నాకు దొరకలేదు. ఇది నా ఇష్టం అనుకోండి.

అపోహ: ప్రీమియం పెట్రోల్ పోస్తే పవర్ పెరుగుతుంది

ఆక్టేన్ అంటే పెట్రోల్ బలం కాదు. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగినా తనంతట తాను అంటుకోకుండా ఓర్చుకునే గుణం. మీ మాన్యువల్‌లో చెప్పిన ఆక్టేన్ కన్నా ఎక్కువది పోసినందుకు బంకులో బిల్లు పెరుగుతుంది, అంతే. ఒక్క మినహాయింపు ఉంది. మే నెలలో మన ఎండకు టర్బో ఇంజిన్‌ను (బయటికి పోయే పొగతో తిరిగే ఫ్యాన్ లోపలికి ఎక్కువ గాలి నెట్టే రకం) గట్టిగా తొక్కితే లోపల నాకింగ్, అంటే పెట్రోల్ తనంతట తాను అంటుకుని టకటక కొట్టడం మొదలవుతుంది. సెన్సర్ అది పట్టుకుంటే కంప్యూటర్ స్పార్క్ టైమింగ్ వెనక్కి జరుపుతుంది, పవర్ కొంచెం పడిపోతుంది. అలాంటప్పుడు ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ పనికొస్తుంది. మామూలు బండికి అనవసరం.

ఇథనాల్ గురించి కూడా అడుగుతారు. లీటరుకు లీటరు చూస్తే పెట్రోల్‌లో ఉన్న శక్తిలో ఇథనాల్‌కు మూడింట రెండొంతులే ఉంటుంది. కాబట్టి 20 శాతం కలిపిన పెట్రోల్‌తో మైలేజీ కొంత తగ్గడం సహజం. 2023 కన్నా ముందు బండ్లు వాడేవాళ్లు సర్వీసుకు ఇచ్చినప్పుడు ఇంధనం రబ్బరు పైపులు, సీళ్లు ఒకసారి చూడమని చెప్పండి.

అపోహ: టర్బో మన ఎండకు నిలవదు, ఆపే ముందు ఐదు నిమిషాలు ఐడ్లింగ్ పెట్టాలి

ఊళ్లోకి వచ్చేటప్పుడు చివరి రెండు కిలోమీటర్లు నిదానంగా నడిపితే చాలు, టర్బో అప్పటికే చల్లబడుతుంది. ఇక టర్బోలను చంపేది ఎండ కాదు, టైముకు మార్చని ఆయిల్. నిమిషానికి లక్షన్నర చుట్లు దాటి తిరిగే ఇరుసు అది, సన్నటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఒకాయన బండి నీలం పొగ కొడుతోందని తెచ్చాడు. ఆయిల్ మూత తిప్పితే కింద నల్లటి ముద్ద, బెల్లం పాకం ముదిరినట్టు. పదివేల కిలోమీటర్లకు మార్చాల్సిన ఆయిల్‌ను ఇరవై రెండు వేలు తిప్పాడు. "బండి మంచిగనే పోతుంది కదా అని" అన్నాడు. కొత్త టర్బో ధర చెప్పాక పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు.

అపోహ: డీసీటీ ఆటోమేటిక్ అంటేనే తలనొప్పి

ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే నన్ను ఎక్కువ మంది అడిగేది దీని గురించే.

డీసీటీ అంటే రెండు క్లచ్‌లతో తనే గేర్లు మార్చుకునే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్. ఇందులో రెండు రకాలు. ఒకదానిలో క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి, ఇంకోదానిలో పొడిగా ఉంటాయి. వర్టస్, స్లావియా, ఐ20 ఎన్ లైన్, వెర్నా టర్బోల్లో వచ్చేవి పొడి రకం. మాన్యువల్ బండిలో హాఫ్ క్లచ్ మీద నడిపితే ప్లేట్లు ఎట్లా కాలుతాయో, ఇందులోనూ అంతే. కాకపోతే హాఫ్ క్లచ్ మీ బదులు కంప్యూటర్ వేస్తుంది, మీకు తెలియదు.

సంక్రాంతి ముందు రెండు రోజులు పంతంగి టోల్‌గేట్ దగ్గర విజయవాడ వైపు లైన్ ఎట్లా ఉంటుందో మనకు తెలుసు. రెండేళ్ల కింద అలాంటి రోజే మా కస్టమర్ ఒకాయన చౌటుప్పల్ దగ్గర నుంచి ఫోన్ చేశాడు. గేర్‌బాక్స్ వేడెక్కిందని డ్యాష్‌బోర్డు మీద మెసేజ్, వెనక నుంచి హారన్లు, లోపల పిల్లల ఏడుపు, ఫుల్ టెన్షన్. పక్కకు తీసి, పార్కింగ్‌లో పెట్టి, ఇరవై నిమిషాలు చాయ్ తాగి రమ్మన్నాను. బండి మళ్లీ మామూలుగా కదిలింది. ఆయన చేసిన తప్పల్లా ముందు కారు అడుగు జరిగితే తానూ అడుగు జరపడం. బ్రేక్ సగం వదిలి బండిని పాకిస్తుంటే క్లచ్ జారుతూనే ఉంటుంది. రెండు కార్ల సందు వచ్చేదాకా బ్రేక్ పూర్తిగా నొక్కి ఆగండి, తర్వాత ఒకేసారి కదలండి. మధ్యలో ఆటో దూరుతుంది, దూరనివ్వండి.

రోజూ హైదరాబాద్ పోయి ఎల్బీనగర్ ట్రాఫిక్‌లో గంట గడిపేవాళ్లయితే పొడి క్లచ్ బండి నేను చెప్పను. మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ తిరిగేవాళ్లు నిశ్చింతగా తీసుకోవచ్చు. ఇంకా నన్ను అడిగితే మాన్యువలే అంటాను.

అపోహ: స్టేజ్ వన్ రీమ్యాప్ చేయిస్తే ఇంజిన్‌కు ఏమీ కాదు

రీమ్యాప్ అంటే పవర్ పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం, స్టేజ్ వన్ అందులో మొదటి మెట్టు. ఇంజిన్‌కు వెంటనే ఏమీ కాకపోవచ్చు. గేర్‌బాక్స్ సంగతేంటి? వర్టస్, స్లావియాల్లో వచ్చే ఏడు గేర్ల పొడి క్లచ్ డీఎస్‌జీని (డీసీటీకే ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల పేరు) తయారు చేసిందే 250 న్యూటన్ మీటర్ల వరకు మోయడానికి. కంపెనీ నుంచే ఆ ఇంజిన్ 250 ఇస్తోంది. మోయగలిగినంత బస్తా ఇప్పటికే భుజం మీద ఉంది, మీరు ఇంకో అర బస్తా ఎక్కిస్తానంటున్నారు.

వారంటీ పోతుందని వేరే చెప్పక్కర్లేదు. సర్వీసుకు పోయే ముందు పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కిస్తే తెలియదనుకుంటారు. సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు రాశారో చాలా బండ్ల ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) లెక్క పెట్టుకుంటుంది. బండిని కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, సుప్రీంకోర్టు 2019లో ఆ మాటే గట్టిగా చెప్పింది. సైలెన్సర్ మార్చి ఊరంతా లేపేవాళ్లు కూడా ఇది చదవాలి.

అపోహ: పెద్ద అల్లాయ్‌లు, వెడల్పు టైర్లు వేస్తే గ్రిప్పే గ్రిప్పు

పెద్ద రిమ్ము వేస్తే టైరు పక్క భాగం సన్నబడుతుంది. గుంతలో పడితే దెబ్బ నేరుగా రిమ్ముకే. వంగిన రిమ్ములు, పక్కన ఉబ్బు వచ్చిన టైర్లు మా షెడ్డు మూలన చిన్న గుట్టగా ఉన్నాయి, దాదాపు అన్నీ ఇలా మార్చినవే. కంపెనీ సైజులోనే మంచి రకం టైర్లు వేయండి. కొనేముందు టైరు పక్కన నాలుగు అంకెలు చూడండి: 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. "కొత్త టైరే సార్" అని ఐదేళ్ల కిందటిది అంటగట్టేవాళ్లు ఉన్నారు.

బ్రేక్ ఆయిల్ గురించి ఎవరూ అడగరు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ వేడికి మరిగి బుడగలు కడితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి మార్చాలి. 100 స్పీడులో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. యాసంగి కోతలప్పుడు ఊళ్ల రోడ్ల మీద వడ్లు ఆరబోసి, రాత్రికి చుట్టూ రాళ్లు పెట్టి, నల్ల పరదా కప్పుతారు. హెడ్‌లైట్ల వెలుగులో ఆ పరదా కనపడేసరికే దగ్గరికొచ్చేస్తుంది. వడ్ల గింజల మీద ఏ టైరూ పట్టదు.

అపోహ: ఎలక్ట్రిక్ కారులో మజా లేదు

నడపనివాళ్ల మాట ఇది. మహీంద్రా బీఈ 6 పెద్ద బ్యాటరీ రకం 286 పీఎస్, కాలు పెట్టగానే టార్క్ అంతా అందుతుంది. రోడ్డు ట్యాక్స్ మినహాయింపు కూడా మన రాష్ట్రంలో 2026 డిసెంబర్ 31 వరకు ఇచ్చారు. సౌండ్ లేదంటే మాత్రం ఒప్పుకుంటాను.

అపోహ: సింగిల్ ఓనర్, తక్కువ తిరిగింది, కళ్లు మూసుకుని కొనొచ్చు

మీటర్ వెనక్కి తిప్పడం పది నిమిషాల పని. అంకెను వదిలేసి పెడళ్ల రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు అంచు చూడండి. 30,000 తిరిగిన బండిలో క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరగదు. 2020 అక్టోబర్ వానలకు హైదరాబాద్‌లో ఎన్ని కార్లు మునిగాయో గుర్తుంది కదా. అలాంటి బండ్లు కడిగి, పాలిష్ కొట్టి, సెంటు కొట్టి జిల్లాలకు వస్తాయి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. ఎవరూ కడగని చోటు అది, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో బురద గీత అక్కడే ఉంటుంది. తర్వాత సీటు కింద బోల్టులకు తుప్పు చూడండి.

పోలో తమ్ముడు పోయిన వారం పాత ఆక్టేవియా ఆర్ఎస్ ఒకటి దొరికిందని ఫొటోలు పంపాడు. అద్దంలా మెరుస్తోంది, ధర కూడా మార్కెట్ కన్నా తక్కువ. "అడ్వాన్స్ కొట్టాల్నా అన్నా?" అని అడిగాడు. వెనక సీటు బెల్టు పూర్తిగా లాగి ఒక ఫొటో పెట్టమని అమ్మేవాణ్ని అడగమన్నాను. నాలుగు రోజులైంది, ఫొటో ఇంకా రాలేదు.