తొలి ఆస్కార్: ‘వింగ్స్’దా, ‘సన్‌రైజ్’దా?

ఆస్కార్లు దగ్గర పడగానే పాత తగవు మళ్లీ లేస్తుంది. 1929 మే 16న హాలీవుడ్ రూజ్‌వెల్ట్ హోటల్లో ఇచ్చిన పెద్ద బహుమతులు రెండు. ‘అవుట్‌స్టాండింగ్ పిక్చర్’ వెల్‌మన్ తీసిన యుద్ధ విమానాల మూకీ ‘వింగ్స్’కు, ‘యునీక్ అండ్ ఆర్టిస్టిక్ పిక్చర్’ మూర్నావ్ ‘సన్‌రైజ్’కు. మరుసటి ఏడాదికే రెండోదాన్ని ఎత్తేశారు. మిగిలినదే ఉత్తమ చిత్రమని అకాడమీ ఆ తర్వాత తేల్చింది. తగవంతా ఆ తేల్చడం మీదే.

‘సన్‌రైజ్’ పక్షం మాట ఒకటే: కళకిచ్చింది తమదని, అవతలిది ఉత్త హంగుకని. (మూర్నావ్ కూడా ఫాక్స్ స్టూడియో స్థలంలో ఏకంగా నగరం సెట్టే వేయించాడు.)

ఆ హంగు సంగతి తెలియాలంటే 1926లో ‘వింగ్స్’ షూటింగ్ జరిగిన టెక్సస్, శాన్ ఆంటోనియో దగ్గరి సైనిక విమాన స్థావరం కెల్లీ ఫీల్డ్‌కు వెళ్లాలి. విమానాలు, పైలట్లు, వేలమంది జవాన్లు సైన్యం ఇచ్చినవే. కర్టిస్ హాక్ అనే అమెరికన్ విమానాలకు రంగులేసి జర్మన్ ఫోకర్ యుద్ధ విమానాలుగా చూపించారు. చిక్కు వచ్చింది ఆకాశంతో. మబ్బులేని నీలంలో విమానం ఈగలా కనిపిస్తుంది. వెనక పోల్చుకోవడానికి ఏమీ లేకపోతే ఎంత వేగంగా పోతున్నా కదలనట్టే ఉంటుంది. ఫ్రాన్సులో యుద్ధ విమానం నడిపిన వెల్‌మన్‌కు ఇది తెలుసు. మబ్బులు వచ్చేదాకా గగన పోరాటాల చిత్రీకరణ ఆపేశాడు. రోజులు గడిచాయి, ఖర్చు పెరిగింది, స్టూడియోకు ఒళ్లు మండింది. చివరికి బడ్జెట్ సుమారు 20 లక్షల డాలర్లకు చేరింది.

దగ్గరి షాట్లూ గాలిలోనే తీశారు. మోటారుతో తిరిగే కెమెరాను విమానానికే బిగించి నటుడి ముఖం వైపు తిప్పారు. అసలు పైలట్ పైకి తీసుకెళ్లి, ఫ్రేములో పడకుండా వంగి కూర్చునేవాడు. ఇక విమానం నడపడం, కెమెరా స్విచ్ నొక్కడం, నటించడం అన్నీ నటుడివే. ఇద్దరు హీరోల్లో రిచర్డ్ ఆర్లెన్‌కు విమానం నడపడం ముందే వచ్చు, చార్లెస్ రోజర్స్ షూటింగ్‌లో నేర్చుకున్నాడు. కావాలని విమానాన్ని నేలకు గుద్దే షాట్‌లో స్టంట్ పైలట్ డిక్ గ్రేస్ మెడ విరిగింది.

ఉత్త హంగుకైతే ఆ రాత్రే వేరే బహుమతి ఉంది: ఇంజనీరింగ్ ఎఫెక్ట్స్. అదీ ‘వింగ్స్’కే, రాయ్ పోమెరాయ్ పేరున వచ్చింది. మబ్బుల కోసం ఆగడాన్ని ఆ పద్దులో రాయలేం.

ఆ ఏడాది దర్శకుల నామినేషన్లలో వెల్‌మన్ లేడు. మూర్నావ్ కూడా లేడు.