నీడిల్‌పాయింట్ కాన్వాస్ మీద పూసల పని: అపోహలు - వాస్తవాలు

మగ్గం వర్క్ వచ్చినవాళ్లకు నీడిల్‌పాయింట్‌లో (గడుల కాన్వాస్‌ను దారపు కుట్లతో నింపే ఎంబ్రాయిడరీలో) పూసలు కుట్టడం పెద్ద కష్టమేమీ కాదు. అయితే బ్లౌజు గుడ్డ మీద పనికొచ్చిన అలవాట్లన్నీ ఇక్కడ పనికిరావు. ఈ కాన్వాస్ గంజి పట్టించిన గట్టి నూలు గుడ్డ. దారాల మధ్య గడులు కంటికి కనిపించేంత ఖాళీగా ఉంటాయి. పూస ఎలా కూర్చుంటుందన్నది ఆ గడిని బట్టే ఉంటుంది. కోస్టర్, కీచైన్ లాంటి చిన్న పీసుల్లో ఏ తేడా వచ్చినా వెంటనే తెలిసిపోతుంది.

అపోహ: చిన్న పూస ఏదైనా సరిపోతుంది.

వాస్తవం: ముందు కాన్వాస్ కౌంట్ చూడండి. 18 కౌంట్ అంటే అంగుళానికి 18 గడులు, ఒక్కో కుట్టుకు 1.4 మిల్లీమీటర్ల చోటు. 13 కౌంట్‌లో అది దాదాపు 2 మి.మీ. పూసల నంబర్ పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. 11 నంబర్ గుండ్రటి పూస సుమారు 2 మి.మీ., 15 నంబర్‌ది 1.5 మి.మీ. అందుకే 13, 14 కౌంట్లకు 11 నంబర్, 18 కౌంట్‌కు 15 నంబర్ వాడాలి. 18 కౌంట్ మీద 11 నంబర్ పూసలు పది వరసగా కుడితే, 14 మి.మీ. చోటులో 20 మి.మీ. సరుకు ఇరికించినట్టే. ఒక పూస పైకి లేస్తుంది, పక్కది ఒరుగుతుంది, కాన్వాస్ ఉబ్బుతుంది.

తూకానికి దొరికే షుగర్ బీడ్స్‌ (సన్న గాజు పూసలు)లో ఒకే పొట్లంలో లావువీ సన్నవీ కలిసి ఉంటాయి. బ్లౌజు మీద అది కనబడదు, గడుల మీద దాచలేం. గాజు గొట్టాన్ని సన్నగా సాగదీసి, ముక్కలు కోసి, వేడిలో అంచులు గుండ్రం చేస్తారు కాబట్టి ఆ తేడా వస్తుంది. (తిరుపతి దగ్గరి పాపానాయుడుపేటలో లాడ అనే పాత పద్ధతిలో, ఇలాగే గాజును గొట్టంగా సాగదీసి పూసలు చేసేవారు. మన ప్రాంతపు ఈ విద్య గురించి మనవాళ్లలోనే చాలామందికి తెలియదు.) జపాన్ వాళ్ల మియుకి, తోహో పూసలు ఖరీదు ఎక్కువే, కానీ సైజు సమంగా ఉంటుంది. 18 కౌంట్‌కు నేను అవే వాడమంటాను. మామూలువే ఉంటే తెల్ల పళ్లెంలో పోసుకుని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరుకోండి.

అపోహ: ముందు దారంతో నింపేసి, ఆ పైన పూసలు కుట్టాలి.

వాస్తవం: కుట్టు ఉండాల్సిన చోటే పూస వస్తుంది. ఉన్ని కుట్ల మీద పెడితే సగం లోపలికి కూరుకుపోతుంది, ఊగుతుంది కూడా. ఆ గడులు ఖాళీగా వదలండి. చుట్టూ దారప్పని పూర్తయ్యాకే పూసలు మొదలుపెట్టండి, లేకపోతే ప్రతి కుట్టుకూ దారం పూసలకు తగులుకుంటుంది. పారదర్శకమైన పూస అయితే కింద కాన్వాస్ రంగు పైకి కనిపిస్తుంది. తెల్ల కాన్వాస్ మీద ఎర్ర పూస గులాబీ రంగుకు తిరుగుతుంది, కాబట్టి ముందు అక్కడ ఎర్ర రంగు వేసుకోండి.

అపోహ: ఆరి సూదితో (మగ్గం పనిలో వాడే కొక్కెం సూదితో) గబగబా అయిపోతుంది.

వాస్తవం: ఆరి పనిలో గొలుసు కుట్టును గుడ్డ నేత పట్టి ఉంచుతుంది. ఇక్కడ గడులు ఖాళీ, ఆ పట్టు దొరకదు. దారం కొస ఊడితే వరసంతా జారిపోవచ్చు. 10 లేదా 12 నంబర్ పూసల సూది, గట్టి నైలాన్ లేదా పాలిస్టర్ దారం తీసుకోండి.

అపోహ: పూసలోంచి దారం ఒకసారి పోనిస్తే చాలు.

వాస్తవం: ఒక్క ఏటవాలు కుట్టుతో ఆపితే పూస వేలు తగిలినప్పుడల్లా పక్కకు వాలుతుంది. సూదిలో రెండు పోగులు ఉంచండి. ఎడమ కింది గడిలోంచి పైకొచ్చి, పూస ఎక్కించి, కుడి పై గడిలోకి దించండి. తర్వాత కుడి కింది గడిలోంచి పైకి రండి. పోగులు విడదీసి పూసకు అటొకటి ఇటొకటి ఉంచి, ఎడమ పై గడిలోకి దించి బిగించండి. పూస నిటారుగా లేచి కూర్చోవడం మీ కళ్లకే కనిపిస్తుంది.

అపోహ: గాజు కదా, రంగు పోదు.

వాస్తవం: గాజులోనే రంగు కలిసినవి పోవు. పైన రంగు అద్దినవి, లోహపు పూత వేసినవి వెలుస్తాయి. కొన్ని పూసలు తడి తెల్ల గుడ్డలో చుట్టి రాత్రంతా ఉంచి చూడండి.

అపోహ: ఎన్ని ఎక్కువ పూసలైతే అంత అందం.

వాస్తవం: 18 కౌంట్‌లో రెండంగుళాల చదరంలో 1296 కుట్లు పడతాయి. అన్నిటికీ పూసలు పెడితే పీసు బరువెక్కి, మెరుపంతా ఒకటైపోయి బొమ్మే కనిపించదు. దానిమ్మ పండు కుడుతుంటే గింజలకు మాత్రం పూసలు పెట్టి, తొక్కను మెరుపు లేని నూలు దారంతో కుట్టండి.

ఇంకో మాట. కుట్టేటప్పుడు కాన్వాస్ ఏటవాలుగా లాగుకుపోతుంది. దాన్ని తడిపి, పిన్నులతో బోర్డు మీద సరిచేసే పని పూసలకు ముందే కానివ్వండి, కానీ ఆ దారాలు, కాన్వాస్ మీది పెయింట్ తడికి రంగు దిగవని ముందే చూసుకోండి.