గుల్ల కనిపించిందట! అయితే ఏంటి?

"పిరమిడ్ కింద 600 మీటర్ల లోతు దాకా చూసేశారంట కదా సార్, మా ఇంటి కింద 20 అడుగులు చూడలేరా?"

ఈజిప్టులో ఖఫ్రే రాజు పిరమిడ్ కింద 600 మీటర్లకు పైగా దిగే స్తంభాలు కనిపించాయని 2025 మార్చిలో కొందరు ప్రకటించినప్పటి నుంచి ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. నేను చేసేది జీపీఆర్ (నేలలోకి రాడార్ తరంగాలు పంపి చూడటం), రెసిస్టివిటీ (నేలలోకి కరెంటు పంపి కొలవడం) సర్వేలు. రోడ్ల కింద పైపులైన్లు, పునాదుల కింద గుల్లలు, పొలాల్లో బోరు పాయింట్లు, ఇదీ మా పని. ఈజిప్టు వెళ్లింది ఒక్కసారే, అదీ టూరిస్టుగా. కానీ ఆ పిరమిడ్లున్న గీజాలో ఎవరు ఏ స్కాన్ చేసినా నాలుగు రోజుల్లో ఆ సెగ నా ఫోనుకు తగులుతుంది. అడిగేవాళ్లలో కొందరిది వట్టి కుతూహలం. కొందరి గొంతులో మాత్రం అప్పుల టెన్షన్ వినిపిస్తుంది. ఇది రాస్తున్నది ముఖ్యంగా వాళ్ల కోసం.

అపోహ: స్కాన్‌లో ఖాళీ కనిపించిందంటే రహస్య గది ఉన్నట్టే. గది ఉందంటే లోపల ఏదో దాచినట్టే.

వాస్తవం: మా యంత్రాల్లో ఏ ఒక్కటీ గదిని చూపించదు. "పక్కదానికంటే ఇక్కడ తేడాగా ఉంది" అని మాత్రం చెబుతుంది. జీపీఆర్ అయితే తరంగం వెనక్కి కొట్టిన చోటు, గ్రావిటీ మీటర్ అయితే కింద సాంద్రత తగ్గిన చోటు, మ్యూయాన్ డిటెక్టర్ అయితే ఆకాశం నుంచి పడే మ్యూయాన్లనే కణాలు అనుకున్నదానికంటే ఎక్కువగా దూసుకొచ్చిన దిక్కు. ఆ తేడా గది కావచ్చు, పగులు కావచ్చు, వదులుగా పేర్చిన రాళ్లు కావచ్చు, ఇసుక కావచ్చు.

ఇసుక అని ఊరికే అనలేదు. 1986లో ఒక ఫ్రెంచి బృందం గీజాలో అన్నిటికంటే పెద్దదైన ఖుఫు రాజు పిరమిడ్‌లో, రాణి గదికి పోయే దారిలో గ్రావిటీ కొలతలు తీసింది. గోడ వెనక సాంద్రత తక్కువని తేలింది. ఇంకేం, గది దొరికింది అనుకున్నారు. గోడకు మూడు చోట్ల రంధ్రాలు వేశారు. లోపల తగిలింది సన్నటి ఇసుక. యంత్రం అబద్ధం చెప్పలేదు, రాయి కంటే ఇసుక తేలికే కదా. తప్పు జరిగింది ఆ "ఇంకేం" దగ్గర.

టుటన్‌ఖామున్ అనే ఈజిప్టు రాజు సమాధి కథ ఇంకా ఘోరం. అది పిరమిడ్ కాదు, రాజుల లోయలో కొండను తొలిచిన సమాధి. 2015లో నికొలస్ రీవ్స్ అనే పురావస్తు శాస్త్రవేత్త, ఉత్తరపు గోడ వెనక నెఫర్టిటి రాణి ఉండొచ్చన్నారు. జపాన్ నిపుణుడొకాయన రాడార్ పెట్టి ఖాళీలున్నాయన్నారు. అప్పటి ఈజిప్టు పురావస్తు మంత్రి 90 శాతం నమ్మకం ఉందని ప్రకటించేశారు. మరుసటి ఏడాది నేషనల్ జియోగ్రాఫిక్ తరఫున ఇంకో బృందం స్కాన్ చేస్తే అవేవీ కనిపించలేదు. చివరికి ఇటలీలోని ట్యూరిన్ పాలిటెక్నిక్ బృందం కొలిచి, 2018లో గదులు లేవని తేల్చేసింది. పగుళ్లున్న సున్నపురాతిలో రాడార్‌కు ప్రతి పగులూ గోడలా కనిపించగలదు. ఈ దెబ్బ నేనూ తిన్నాను. కొత్తలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్ కింద "గుల్ల ఉంది" అని రిపోర్టు రాసిచ్చాను. తవ్వి చూస్తే పాత సిమెంటు తూము. ఆ బిల్డర్ చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

మరి 2017లో ఖుఫు పిరమిడ్‌లో దొరికిన ఆ పెద్ద ఖాళీ సంగతేంటంటారు. అది నిజమే, నేనూ నమ్ముతాను. ఎందుకంటే దాన్ని మూడు బృందాలు మూడు రకాల మ్యూయాన్ డిటెక్టర్లతో విడివిడిగా పట్టుకున్నాయి. జపాన్‌లోని నగోయా యూనివర్సిటీ వాళ్లు కణాల జాడ పడే ఎమల్షన్ ఫిల్ములు పెట్టారు. ఆ దేశానిదే కేఈకే అనే సంస్థ కణం తగిలితే మెరిసే సింటిలేటర్లు పెట్టింది. ఫ్రాన్సు అణుశక్తి సంస్థ వాళ్లు గ్యాస్ డిటెక్టర్లను పిరమిడ్ బయటే నిలబెట్టారు. అందరికీ గ్రాండ్ గ్యాలరీ (రాజు గదికి ఎక్కే ఎత్తైన వాలు దారి) పైన, కనీసం 30 మీటర్ల పొడవున ఖాళీ తేలింది. వాళ్లు పెట్టిన పేరు చూడండి: బిగ్ వాయిడ్. పెద్ద ఖాళీ, అంతే. టీవీల దాకా వచ్చేసరికి అది గది అయింది, సాయంత్రానికి అందులో బంగారం చేరింది.

దాచుకోవడానికి కాకపోతే ఖాళీ ఎందుకు వదిలారని అడుగుతారు. ఇళ్లు కట్టించినవాళ్లు కూడా ఇదే అడిగితే ఆశ్చర్యంగా ఉంటుంది. కిటికీ మీద లింటెల్ ఎందుకు వేస్తాం? రాజు గది పైన ఒకదాని మీద ఒకటిగా ఐదు అరలున్నాయి. పెద్ద పెద్ద గ్రానైట్ దూలాలు పేర్చి, మధ్యలో ఖాళీ వదిలి, చిట్టచివర రాళ్లను గుడిసె కప్పులా రెండు వైపులకూ వాల్చి నిలబెట్టారు. గది కప్పు మీద పడే భారం తగ్గించడానికే ఆ ఏర్పాటంతా అని ఎక్కువమంది లెక్క. 1837లో హోవర్డ్ వైజ్ అనే ఇంగ్లీషాయన తుపాకిమందు పెట్టి పేల్చుకుంటూ పై అరల్లోకి చేరాడు. ఆయనకు దొరికింది ఎర్ర రంగుతో రాసిన కూలీల ముఠాల పేర్లు. ఒక ముఠా పేరు "ఖుఫు మిత్రులు".

2023లో అదే పిరమిడ్‌లో బయటపడిన ఉత్తరం వైపు దారీ అంతే. పాత ప్రవేశ ద్వారం పైనున్న వాలు రాళ్ల వెనక, 9 మీటర్ల పొడవు, రెండేసి మీటర్ల వెడల్పు, ఎత్తు. రాళ్ల సందులోంచి 6 మిల్లీమీటర్ల కెమెరా దూర్చి చూశారు. ఖాళీ. మీద వాలు కప్పు.

ఏమీ లేదని తేలినా అది ఫలితమే. 1960ల చివర్లో, నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త లూయీ అల్వారెజ్ గీజాలోనే ఉన్న ఖఫ్రే పిరమిడ్ అడుగు గదిలో డిటెక్టర్ పెట్టి, పైనున్న రాతిలో 19 శాతం భాగాన్ని మ్యూయాన్లతో పరిశీలించాడు. ఆ భాగంలో గదులేవీ లేవని 1970లో రాసేశాడు. ఈ మ్యూయాన్లు మనకు కొత్తవీ కావు. 1950ల్లోనే ముంబైలోని టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) వాళ్లు మన పక్కనున్న కోలార్ బంగారు గనుల్లోకి దిగి, ఎంత లోతుకు ఎన్ని చేరుతున్నాయో లెక్కపెట్టారు.

ఇప్పుడు ఆ 600 మీటర్ల సంగతి. ఖఫ్రే పిరమిడ్ కింద 648 మీటర్ల దాకా దిగే స్తంభాలు కనిపించాయని ఇటలీకి చెందిన కొందరు 2025 మార్చిలో ప్రకటించారు. వాడింది ఉపగ్రహ రాడార్. తరంగం అంత లోతుకు పోలేదు, నేల ఉపరితలపు సన్నటి కంపనాల నుంచి లెక్కగట్టామని వాళ్లే అంటున్నారు. రాడార్ నేరుగా పోదన్నది మాత్రం పాత సంగతే. 1974లో అమెరికా, ఈజిప్టు శాస్త్రవేత్తలు గీజాలో ప్రయత్నిస్తే రాతిలోని తేమకే తరంగాలు ఇంకిపోయాయి. ఆ గీజాలోనే ఒసిరిస్ షాఫ్ట్ అనే బావిలాంటి తవ్వకంలో సుమారు 30 మీటర్లు దిగితే నీళ్లు తగులుతాయి. కంపనాల లెక్క నిజమే అనుకుందాం. నా ప్రశ్న ఒక్కటే. కోలార్ గనులు 3 కిలోమీటర్ల లోతు దాకా తవ్వినవి. ఏ సొరంగం ఎక్కడుందో ప్లాన్లు ఉన్నాయి. ముందు ఆ ప్లాను చూడకుండా వాటిని గీసి చూపించండి, తర్వాత పిరమిడ్ మాట్లాడుకుందాం.

ఇంత విసుగు నాకెందుకో చెప్పాలి. కొన్నేళ్ల కిందట కర్నూలు వైపు నుంచి ఒక రిటైర్డ్ టీచర్ వచ్చారు. చేతిలో కలర్ ప్రింటు రిపోర్టు. ఎవరో "గోల్డ్ స్కానర్" వాళ్లు ఆయన పాత ఇల్లు స్కాన్ చేసి ఇచ్చారట. నీలం మధ్యలో ఎర్రటి మచ్చ, పక్కన "చాంబర్" అని బాణం గుర్తు. దానికి ఆయన కట్టింది రెండు లక్షలు. కొడుకు వ్యాపారం దెబ్బతిని, ఇల్లు తాకట్టులో ఉంది. "లంకెబిందెలేనా సార్? ఈజిప్టులో కూడా ఇట్లనే కనిపెట్టారంట కదా" అన్నారు. అప్పటికే దేవుడి గదిలో ఎనిమిదడుగులు తవ్వించారు. గోడ నిలువునా బీట ఇచ్చింది.

వెళ్లి రెసిస్టివిటీ లైన్లు వేశాను. గుల్ల నిజంగానే ఉంది, గుండ్రంగా. చూడగానే నాకు అనుమానం వచ్చి, వాళ్ల అమ్మగారిని పలకరించాను. తొంభై దగ్గర పడిన మనిషి. "అది మా మామ జొన్నల పాతర కదరా నాయనా" అంది. ఇల్లు పెంచినప్పుడు పాతర పైన బండలు పరిచి గది కట్టేశారు. ఇంట్లోనే ఉన్న ఆమెను అంతదాకా ఎవరూ అడగలేదు. ఆ టీచర్ను చూసి నవ్వాలనిపించలేదు. అప్పులవాడు గుమ్మంలో కూర్చుంటే ఎర్ర మచ్చలో ఎవరికైనా బంగారమే కనిపిస్తుంది.

మిగతా అపోహలు గబగబా.

అపోహ: అంతంత రాళ్లు మనుషులు ఎత్తలేరు, గ్రహాంతరవాసులే కట్టారు.

వాస్తవం: ఎత్తలేదు, లాగారు. ఈజిప్టులోని దెయిర్ అల్-బర్షా దగ్గర జెహుతిహోతెప్ అనే పాతకాలపు అధికారి సమాధిలో ఒక బొమ్మ ఉంది. 172 మంది ఒక మహా విగ్రహాన్ని చెక్క బండి మీద, చక్రాల్లేకుండా లాగుతుంటారు. ముందు ఒకడు ఇసుక మీద నీళ్లు పోస్తుంటాడు. ఇసుక సరిగ్గా తడిస్తే లాగే బలం సగానికి తగ్గుతుందని 2014లో ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ వాళ్లు కొలిచి చూపించారు. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్-జర్ఫ్‌లో దొరికిన పాపిరస్‌లలో మేరెర్ అనే మేస్త్రీ డైరీ ఉంది. ఖుఫు కాలంనాటిదే. 40 మంది మనుషులతో తూరా క్వారీ నుంచి సున్నపురాయిని పడవల్లో గీజాకు చేర్చిన లెక్క రోజువారీగా రాసుకున్నాడు. పది రోజులకు రెండు మూడు ట్రిప్పులు. మన సైట్ సూపర్‌వైజర్ లాగ్ బుక్ చదువుతున్నట్టే ఉంటుంది. ర్యాంపు నేరుగా ఉండేదా, చుట్టూ తిరిగేదా, లోపలి నుంచి వెళ్లేదా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. ర్యాంపు ఆకారం తేలనంత మాత్రాన అంతరిక్ష నౌక వచ్చినట్టు కాదు.

అపోహ: బానిసలను కొరడాలతో కొట్టి కట్టించారు.

వాస్తవం: 1990లో గీజాలో ఒక గుర్రం కాలు తట్టుకున్న చోట పనివాళ్ల సమాధులు బయటపడ్డాయి. పక్కనే ఊరు, రొట్టెల బట్టీలు. విరిగి అతుక్కున్న ఎముకలు చూస్తే వైద్యం కూడా అందిందని తెలుస్తోంది. రాజు పిరమిడ్ పక్కనే బానిసలకు సమాధులు కట్టరు.

అపోహ: పిరమిడ్ ఆకారంలో పెడితే కూరగాయలు చెడవు, బ్లేడు పదునెక్కుతుంది.

వాస్తవం: లేదు. ధ్యానం చేసుకునేవాళ్లు హాయిగా చేసుకోండి. అసలు పిరమిడ్ రాజు గదిలో నాకైతే ఉక్కపోతకు చొక్కా తడిసిపోయింది.

అపోహ: మంచి డిటెక్టర్ కొనుక్కుంటే మన నిధి మనమే తీసుకోవచ్చు.

వాస్తవం: ఎవరైనా రంగుల రిపోర్టు ఇస్తే ముందు ముడి డేటా అడగండి. ఏ లైను ఎక్కడ వేశారో, ఎంత లోతు దాకా నమ్మకంగా చెప్పగలరో రాతపూర్వకంగా ఇవ్వమనండి. సాధారణంగా అక్కడితో వాళ్ల ఫోను స్విచాఫ్ అవుతుంది. ఒకవేళ నిజంగానే ఏదైనా దొరికినా, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం 10 రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కు తెలపాలి. గోడ బీటలిస్తే స్కానర్ వాళ్లను కాదు, స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలవండి. ఆ టీచర్ పాతరలో గ్రావెల్ నింపి దిమ్మిస కొట్టించాం, గోడకు కింద సపోర్టు ఇచ్చాం. ఖర్చు స్కానింగ్‌కు కట్టినదానిలో నాలుగో వంతు కూడా కాలేదు. ఆయన ఇప్పటికీ పిరమిడ్ వీడియోలు పంపుతుంటారు, కింద ఒకటే ప్రశ్న: "ఇదేమైనా పాతరేనా సార్?"