గొరక గేలం: గట్టు మీద వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

శ్రీకాకుళంలో గేలం సామాను అమ్మే చిన్న షాపు నాది. వెదురు గెడలు, బెండ్లు, నైలాన్ దారం, ముళ్ళు కొనడానికి వచ్చేవాళ్ళు కాసేపు కూర్చుని చేపల కబుర్లు చెప్పకుండా వెళ్ళరు. ఆ కబుర్లలో సగానికి పైగా గొరక గురించే. కొర్రమీనుకి ధర ఉంది, బొచ్చెకీ శీలావతికీ బరువు ఉంది. గొరకకి ఆ రెండూ లేవు. మామూలుగా దొరికేది జానెడు కూడా ఉండదు, పైగా ఒళ్ళంతా ముళ్ళు. అయినా మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గేలం పట్టినవాళ్ళు ఎక్కువ మంది మొదట మనసు పడేది దీనిమీదే. ఎర కనబడితే మొహమాటం లేకుండా పట్టుకుంటుంది, పట్టుకున్నాక ఒడ్డుకొచ్చేదాకా లొంగదు. ఇంత ఇష్టపడే చేప గురించి ఇన్ని తప్పుడు మాటలు చెలామణీలో ఉండటం నాకు బాధగా ఉంటుంది. వాటివల్ల చేపకీ నష్టమే, పట్టేవాళ్ళకీ నష్టమే.

అపోహ: గొరక తాటిచెట్టెక్కి కల్లు తాగుతుంది.

ఈ మాటకి రెండు వందల ఏళ్ళ పైబడిన చరిత్ర ఉంది. తమిళనాడులోని తరంగంబాడి ఒకప్పుడు డెన్మార్క్ వాళ్ళ చేతిలో ఉండేది. డాల్డార్ఫ్ అనే అక్కడి సైనికాధికారి 1791లో చెరువు పక్కనున్న తాటిచెట్టు బెరడు పగుల్లో, నీటికి 5 అడుగుల ఎత్తున, పైకి పాకుతున్న గొరకని తన చేత్తో పట్టుకున్నానని రాశాడు. ఆ ఉత్తరం 1797లో లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ పత్రికలో అచ్చయింది. దాంతో ఇంగ్లీషువాళ్ళు దీన్ని క్లైంబింగ్ పెర్చ్ (ఎక్కే పెర్చ్ చేప) అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది.

గొరక నేలమీద పాకుతుందన్నది నిజం. మొప్పల మూత అంచున రంపంలాంటి పళ్ళుంటాయి. ఆ మూతని వెడల్పుగా తెరిచి నేలకి ఆనించి, తోకతో ఒక్క తోపు తోస్తుంది. ఒకసారి ఎడమ పక్కకి, ఒకసారి కుడి పక్కకి ఒరుగుతూ ముందుకి పోతుంది. తడిసిన గట్టు, వాలుగా ఉన్న రాతికట్టు, గడ్డిమోపు లాంటివి ఇలా ఎక్కేస్తుంది. నిటారుగా ఉన్న తాటిమాను ఎక్కి గెలల దాకా పోయే శక్తి దానికి లేదు. చెట్లమీద గొరకలు కనబడిన మాట నిజమైనా, కాకులూ గద్దలూ ఎత్తుకెళ్ళి జారవిడిచినవి అక్కడ చాలాసేపు బతికుండటమే దానికి కారణమని తర్వాతి శాస్త్రవేత్తలు వివరించారు. మామూలు చేపైతే ఆపాటికి చచ్చిపోయేది, ఎవరూ పట్టించుకునేవారు కాదు.

వానతోపాటు ఆకాశం నుంచి గొరకలు పడ్డాయన్న మాట కూడా ఇలాంటిదే. రాత్రి కుంభవృష్టి కురిసి తెల్లారేసరికి పెరట్లో గొరకలు కొట్టుకుంటుంటే అవి పైనుంచి పడలేదు. పక్కనున్న బంద (చిన్న చెరువు) లోంచో గెడ్డ (వాగు) లోంచో నీటి జాడ పట్టుకుని నడిచి వచ్చాయి.

అపోహ: గొరక నీళ్ళు లేకపోయినా రోజుల తరబడి ఉంటుంది కాబట్టి పట్టాక ఎలా పడేసినా పరవాలేదు.

పట్టినవాళ్ళ చేతుల్లో గొరకలు ఊరికే చచ్చిపోవడానికి పెద్ద కారణం ఈ నమ్మకమే. గొరకకి మొప్పల పైన ఒక గదిలాంటి ఖాళీ ఉంటుంది. అందులో మడతలు మడతలుగా పలచటి పలకలు, వాటినిండా సన్నని రక్తనాళాలు. నోటితో మింగిన గాలిలోని ప్రాణవాయువు అక్కడే రక్తంలో కలుస్తుంది. దీనివల్ల ఒళ్ళు తడిగా ఉన్నంతసేపూ బయట బతకగలదు. ఒళ్ళు ఎండితే బతకదు. ఎండలో గట్టుమీద పడేసిన గొరక బాధపడుతూ మెల్లగా చస్తుంది, అంతే తేడా.

ఇంకో సంగతి చెబితే చాలామంది నమ్మరు. గొరక నీళ్ళలో ఊపిరాడక చచ్చిపోతుంది. దాని మొప్పలు ఒక్కటే దానికి చాలవు, పైకొచ్చి గాలి మింగాల్సిందే. డబ్బాలో అంచులదాకా నీళ్ళు నింపి, గొరకలు వేసి, దూకిపోతాయని మూత బిగించి ఇంటికి తీసుకెళ్తే దారిలోనే చచ్చిపోతాయి. నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు, పైన బాగా ఖాళీ, మూత బదులు వల గుడ్డ కట్టండి. అసలు నీళ్ళే లేకుండా తడిపిన గోనెసంచిలో నీడన పెట్టినా హాయిగా ఉంటాయి. చిన్నవాటిని తిరిగి చెరువులో వదిలేద్దామనుకునేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం.

అపోహ: గొరక ముల్లు గుచ్చుకుంటే విషమెక్కుతుంది.

గొరక ముళ్ళలో విషం లేదు. వీపుమీద 16 నుంచి 20 దాకా, పొట్టకింద వెనకవైపు 9 నుంచి 11 దాకా గట్టి ముళ్ళుంటాయి. గుచ్చుకుంటే మంట, చెరువు నీటిలోని సూక్ష్మజీవుల వల్ల ఒక్కోసారి చీము. సబ్బుతో శుభ్రంగా కడిగి, టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని చాలాకాలం అయ్యుంటే వేయించుకోవాలి. నిజంగా భయపడాల్సింది అదే చెరువులో ఉండే ఇంగిలాయి అనే మీసాల చేప గురించి. దాని పక్కరెక్కల ముళ్ళలో విషం ఉంది, పోటు విపరీతంగా ఉంటుంది. అది పొడిస్తే తట్టుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి ముంచి, ఆసుపత్రికి వెళ్ళండి. చీకట్లో గేలానికి పడింది ఏదో చూడకుండా చెయ్యి వేయొద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

గొరకని పట్టుకునే పద్ధతి ఒకటుంది. ముందు చెయ్యి తడుపుకోవాలి. దారంతో పైకెత్తిన చేపని కొట్టుకోనిచ్చి, అది ఆగిన క్షణంలో అరచేతిని తలవైపు నుంచి తోకవైపుకి జార్చాలి. వీపు ముళ్ళు వాటంతటవే వెనక్కి పడుకుంటాయి. తోకవైపు నుంచి తెచ్చారా, ముళ్ళన్నీ అరచేతిలోకి దిగుతాయి. బొటనవేలు ఒక మొప్పమూత మీద, చూపుడువేలు రెండోదాని మీద పెట్టి మూతలు తెరుచుకోకుండా అదిమి పట్టాలి, ఎందుకంటే రంపపు పళ్ళున్నవి అక్కడే. గొరక ఎరని లోతుగా మింగేస్తుంది. గేలం ముల్లు దాని గొంతులో దిగితే లాగొద్దు. వదిలేసే చేపైతే దారం నోటి దగ్గర కత్తిరించి వదిలేయండి. పీకి పేగులు చింపడం కంటే అదే నయం.

అపోహ: ఫారిన్ వీడియోల్లో పెర్చ్ పట్టే సామాను మన గొరకకీ పనిచేస్తుంది.

ఈ మధ్య షాపుకొచ్చే కుర్రాళ్ళు మొదట అడిగేది మెరిసే స్పిన్నర్లు, ప్లాస్టిక్ చేపలు. యూరప్ గేలగాళ్ళకి పెర్చ్ అంటే ప్రాణం, ఆ ఇష్టం నాకు బాగా అర్థమవుతుంది. పచ్చటి ఒంటిమీద నల్లని అడ్డపట్టీలు, కింద ఎర్రటి రెక్కలు. గుంపులుగా తిరుగుతుంది, ధైర్యంగా ఎర పట్టేస్తుంది. అక్కడి పిల్లలు ఎంతోమందికి మొదటి చేప అదే. కానీ అది చల్లటి నీళ్ళలో చిన్న చేపల్ని కళ్ళతో చూసి తరిమి పట్టే రకం. మన గొరక నాచు, తామరాకులు, తూటికాడల మధ్య మసక నీళ్ళలో పురుగులూ చిన్న రొయ్యలూ గింజలూ ఏరుకుని తినేది. శాస్త్రవేత్తలు కూడా ఇప్పుడు గొరకని ఆ పెర్చ్ వరసలో కాకుండా కొర్రమీను బంధువుల వరసలో పెడుతున్నారు. మెరిసే రేకుల మీద డబ్బు పెట్టొద్దని వాళ్ళకి నేనే చెబుతాను.

గొరకకి ఎర్రలు (వానపాములు) చాలు. అంతకంటే మంచి ఎర కావాలంటే మామిడి, జీడిమామిడి కొమ్మల్లో ఆకులు కుట్టి గూడు కట్టుకునే ఎర్రచీమల గుడ్లు. బెంగాల్‌లో గొరక గేలానికి ఇవంటే పడిచస్తారు. కాస్త పిండితో కలిపి ముద్ద చేస్తే ముల్లుకి నిలుస్తాయి. చిన్న ముల్లు, సన్నటి దారం, తేలికైన బెండు. తాటిపూడి, మడ్డువలస రిజర్వాయర్ల లోతు నీళ్ళ దగ్గర గొరక కోసం కూర్చోవడం కంటే ఊరి బందలు, పాత కోనేళ్ళు, కాలువ చివరి మడులు, సోంపేట బీల లాంటి తంపర (చిత్తడి) నేలల అంచులు మేలు. గెడ వేసే ముందు కాసేపు ఊరికే నిలబడి చూడండి. నాచు పక్కన టప్‌మని చిన్న చప్పుడు, ఒక గుండ్రటి అల కనిపిస్తే గాలి మింగడానికి గొరక పైకొచ్చినట్టు. అక్కడికి జానెడు పక్కన వేయాలి.

పిల్లలైనా పట్టేస్తారు, ఇందులో నేర్చుకునేదేముంది అనేవాళ్ళకి ఒక మాట. బెండు మొదట రెండుమూడు సార్లు వణుకుతుంది. అప్పుడే లాగితే ఖాళీ ముల్లు వస్తుంది. గొరక నోరు చిన్నది, ముందు ఎర కొస పట్టి గుంజుతుంది. బెండు పక్కకి జారుతూ మునిగేదాకా ఆగాలి. అప్పుడు మణికట్టుతో చిన్న విసురు చాలు. ఆ తర్వాత దారం వదులు చేయకూడదు, చేస్తే నాచులో దూరి చుట్టేసుకుంటుంది. ఆ ఆగడం పిల్లలకి వచ్చినంత తొందరగా పెద్దలకి రాదు, గట్టు మీద రోజూ చూస్తున్నాను.

అపోహ: తొలకరిలో ఎన్ని పట్టినా గొరకలు తరగవు.

తరుగుతాయి. తొలి వానలకి అవి మడుల్లోకి ఎగబాకేది గుడ్లు పెట్టడానికే. గొరక గూడు కట్టదు, పిల్లల్ని కాయదు. నీటిమీద తేలే గుడ్లు వదిలి వెళ్ళిపోతుంది, అవి దాదాపు ఒక రోజులో పొదుగుతాయి. వేల గుడ్లు పెట్టినా నిలిచేవి కొన్నే. మదుముల దగ్గర బుట్టలు అడ్డంపెట్టి, నిండు పొట్టలతో ఎదురెక్కే వాటిని బస్తాలకెత్తితే ఆ ఏటి పంట మొత్తం పోయినట్టే. పైగా ఉభాల (వరినాట్ల) తర్వాత మడుల్లో కొట్టే పురుగుమందులు పిల్లల్నీ, అవి తినే పురుగుల్నీ రెండింటినీ చంపుతున్నాయి. తొలకరి మొదటి వారాల్లో నేను గొరకకి గేలం వేయను, నా దగ్గర నేర్చుకునేవాళ్ళని వేయనివ్వను. వానలు తగ్గి నీళ్ళు నిలకడగా ఉన్నప్పుడు పడే చేప తినడానికీ బాగుంటుంది.

అపోహ: చైనా గొరక కూడా గొరకే, కాస్త పెద్ద రకం.

కానే కాదు. చైనా గొరక ఆఫ్రికా నుంచి వచ్చిన తిలాపియా. 1952లో మన దేశానికి తెచ్చారు, మిగతా చేపల్ని తోసేస్తోందని 1959లోనే దాన్ని పెంచడం మీద నిషేధం పెట్టారు, అయినా అప్పటికే పాకిపోయింది. అది గుడ్లని నోట్లో దాచి కాపాడుకుంటుంది, కాబట్టి తొందరగా పెరిగిపోతుంది. గాలి పీల్చే ఏర్పాటు లేదు కనుక బయట గొరకలా నిలవదు. అనుమానం వస్తే మొప్పమూత అంచుని వేలితో తాకి చూడండి. గరుకుగా రంపంలా ఉండి, తోక మొదట్లో నల్లమచ్చ ఉంటే గొరక. చైనా గొరకని ఎన్ని పట్టినా నాకు అభ్యంతరం లేదు.

అపోహ: గొరక పులుసు తింటే రక్తహీనత పోతుంది.

మంచి ఆహారమే, మాంసకృత్తులు, ఇనుము ఉంటాయి. కానీ డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు మానేసి పులుసు మీద ఆధారపడొద్దు, ముఖ్యంగా గర్భిణులు.

అపోహ: ఏటి మొగలో (ఏరు సముద్రంలో కలిసేచోట) పడే భారీ పండుగప్ప మగది, దాన్ని కొట్టేసినా నష్టం లేదు.

పండుగప్పని ఇంగ్లీషు పుస్తకాల్లో జెయింట్ సీ పెర్చ్ అంటారు కాబట్టి ఈ మాట కూడా ఇక్కడే చెప్పాలి. కళింగపట్నం దగ్గర వంశధార మొగలో, కల్లేపల్లి దగ్గర నాగావళి మొగలో, కోనాడ దగ్గర చంపావతి మొగలో దీనికోసం రాత్రంతా కాపు కాసేవాళ్ళున్నారు. అసలు సంగతి పూర్తిగా తిరగబడి ఉంటుంది. పండుగప్ప సాధారణంగా మొదట మగచేపగా ఎదిగి, కొన్నేళ్ళ తర్వాత ఆడచేపగా మారుతుంది. అంటే పెద్దవి దాదాపు అన్నీ ఆడవే, ఒక్కోటి లక్షల గుడ్లు పెట్టేవి. పిల్లలు ఏరు ఎదురెక్కి మంచినీళ్ళలో పెరిగి, గుడ్ల వేళకి మళ్ళీ ఉప్పునీటికి దిగుతాయి. చెన్నైలోని సీబా అనే ఉప్పునీటి చేపల పెంపకం పరిశోధన సంస్థ 1997లో దీన్ని హేచరీలో గుడ్లు పెట్టించడం సాధించింది, చెరువుల్లో పెంచేందుకు పిల్ల అలా దొరుకుతోంది. ఏట్లో ఉన్నవాటికి మాత్రం ఆ పెద్ద ఆడచేపలే దిక్కు. కూరకి మధ్యస్థం చేప ఉంచుకుని, పెద్దదానితో ఫోటో దిగి వదిలేయమని నేను అడుగుతాను. అడిగితే కోపగించుకునేవాళ్ళు ఉన్నారు, అయినా అడుగుతూనే ఉంటాను.

అపోహ: ఊరి చెరువులో గేలం వేయడానికి ఎవర్నీ అడగక్కర్లేదు.

చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకార సహకార సంఘాలకి లీజుకి ఇస్తారు. చేపపిల్ల కొని పోసేది వాళ్ళు, వాళ్ళ ఏడాది సంపాదన ఆ నీళ్ళలో ఉంటుంది. ముందుగా సంఘం పెద్దని కలిసి, గొరకల కోసం వచ్చానని చెప్పండి. చిన్న చేపపిల్లల్ని తినేస్తుందని పెంపకం చెరువుల్లో గొరకని కలుపుచేపగానే చూస్తారు, ఆ మాటలో నిజం ఉంది. పిల్ల పోసే చెరువుకి అది నష్టమే. పిల్ల పోయని బందలోనూ మడిలోనూ అదే గొరక దోమపిల్లల్ని, పురుగుల్ని తిని మేలు చేస్తుంది. అందుకే మర్యాదగా అడిగితే గొరక గేలానికి చాలాచోట్ల సరేనంటారు. బొచ్చెగానీ శీలావతిగానీ పడితే అక్కడికక్కడే నీళ్ళలో వదిలేస్తానని ముందే మాటివ్వండి, పడినప్పుడు కాపలా మనిషి చూస్తుండగా వదలండి. తర్వాతిసారి వెళ్ళినప్పుడు గొరకలు ఏ మూల ఉన్నాయో ఆయనే చూపిస్తాడు.