మంచామెను లెక్క అడుగుతారా? పొదుపు సంఘాల లీడర్ల గురించి అపోహలు - వాస్తవాలు

కర్నూలు జిల్లా పల్లెల్లో పొదుపు సంఘాలతో పని మొదలుపెట్టి నాకు ఇరవై ఏళ్లు దాటింది. లీడరును ఎన్నుకునే రోజు ఏ ఊర్లో కూర్చున్నా ఒక మాట వినపడుతుంది: ‘ఆమె మంచిదిలే అక్కా, ఆమెనే పెడదాం.’ మంచిదంటే ఏంటమ్మా అని అడిగితే మాత్రం తలా ఒకటి చెప్తారు.

అపోహ: మంచి మనిషిని లెక్క అడిగితే అవమానించినట్టే.

వాస్తవం: మా సీమలో డబ్బునీ లెక్క అనే అంటాం, ఆ డబ్బుకు రాసుకునే పద్దునీ లెక్క అనే అంటాం. మొదటి లెక్క చేతిలో పెట్టేస్తాం, రెండో లెక్క అడగడానికి మొహమాటపడతాం.

పత్తికొండ వైపు ఒక ఊర్లో పది మంది సంఘం. లీడరంటే అందరికీ గురి. ఎవరింట్లో కాన్పయినా ముందు ఆమే ఉండేది. నాలుగు నెలల కంతులు ఆమె చేతికే ఇచ్చారు, ఒక్కరూ బ్యాంకు రసీదు చూడలేదు. బ్యాంకు నుంచి ఫోన్ వచ్చాక చూస్తే రెండు నెలలవి కట్టలేదు. తినేయాలని కాదు. భర్తకు ఆపరేషన్ పడింది, టమాటా లెక్క రాగానే కట్టేద్దాం అనుకుంది. ఆ ఏడు రేటు పడిపోయి కోత కూలి కూడా రాలేదు.

మొదటి నెలలోనే ఎవరైనా ‘రసీదు ఏదక్కా?’ అని ఉంటే ఆమె అక్కడే చెప్పేసేది. సంఘమే అంతర్గత అప్పు ఇచ్చి ఉండేది, పొదుపు చేసేదే అందుకు కదా. మేము అడక్కపోవడంతో ఆమె నెలనెలా అబద్ధం చెప్పుకుంటూ వచ్చింది. ఆ నాలుగు నెలలూ ఆ సంఘం పుస్తకం తెరవనిది నేనే. అందుకని తప్పులో నా వాటా కూడా ఉంది.

మా సంఘాలకు పంచసూత్రాలు ఉన్నాయి: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. ఐదింట్లో ఎక్కడా ‘లీడరు మంచిదై ఉండాలి’ అని లేదు. కొత్తలో నాకది లోటుగా అనిపించేది. ఇప్పుడు అనిపించదు. 1990ల్లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇలాంటి సంఘాలతో నడిపిన పేదరిక నిర్మూలన కార్యక్రమానికి ఉమ్మడి రాష్ట్రంలో ఎంచుకున్న మూడు జిల్లాల్లో కర్నూలు, అనంతపురం రెండూ ఉన్నాయి. అంత పాత అనుభవం ఉన్న చోట కూడా మేము పుస్తకం వదిలేసి మనిషి ముఖం చూసి నమ్మాం.

అపోహ: చదువుకున్నామె, పెద్దింటామె అయితే భయం లేదు.

వాస్తవం: నేను చూసిన లీడర్లలో గట్టి మనిషి కోసిగి వైపు ఆమె. సంతకం రాదు, వేలిముద్రే. మీటింగులో డబ్బు రెండుసార్లు పైకి లెక్కపెట్టి, పుస్తకం రాసే పిల్లతో గట్టిగా చదివించేది. ‘నేను మర్చిపోతా, మీరు గుర్తు పెట్టుకోండి’ అనేది. ఆమెకు మరుపు లేదని అందరికీ తెలుసు. మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోయినప్పుడు కూడా ఊరికొచ్చే వాళ్ల చేతికిచ్చి తన కంతు పంపేది. లీడరే కట్టాక మిగతా వాళ్లు ఏ మొహం పెట్టుకుని ఆపుతారు?

అపోహ: గట్టిగా మాట్లాడితేనే లీడరు.

వాస్తవం: మండలంలో అధికారుల ముందు ఆ గొంతు పనికొస్తుంది, కాదనను. సంఘంలో మాత్రం వినేవాళ్లు కావాలి.

అపోహ: కుర్చీ దిగితే పరువు పోయినట్టే.

వాస్తవం: దీనికి నేను చెప్పే కథ మా జిల్లా బస్సులది. కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయకరణ కేసులో సుప్రీంకోర్టు తీర్పు అప్పటి ముఖ్యమంత్రి, అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డికి ఎదురుగా వచ్చింది. ఆయన 1964లో పదవికి రాజీనామా చేశారు. ఆ కేసులో ఎవరిది ఎంత తప్పు అనేది వేరే చర్చ. దిగిపోయారు, అది నిజం. 1977లో రాష్ట్రపతిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.

పత్తికొండ వైపు ఆమెకు కూడా ఇదే చెప్పాను. ఆ రోజు చాలాసేపు ఏడ్చి, పుస్తకం రెండో లీడరు ఒళ్లో పెట్టింది. బాకీకి తీర్మానం రాసుకుని నెలకు కొంత చొప్పున పది నెలల్లో తీర్చింది. మళ్లీ లీడరుగా ఉండమంటే వద్దంది. కానీ ఇప్పుడు ఆ సంఘంలో ముందుగా రసీదు అడిగేది ఆమే. నన్నూ వదలదు. పోయిన నెల మీటింగులో టీ డబ్బులు ఎవరిచ్చారో రాశారా మేడం అని అడిగింది. రాయలేదు.