లంబసింగి తెల్లమంచు: అపోహలు - వాస్తవాలు

లంబసింగి దగ్గర, చింతపల్లి కొండల్లో కూరగాయలు, స్ట్రాబెర్రీ పెంచుతున్నాను. డిసెంబర్ వచ్చిందంటే ఫోన్లు మొదలవుతాయి. "మంచు పడుతోందా? ఆదివారం వస్తే కనిపిస్తుందా?" అని. అడిగేవాళ్ళ తప్పేం లేదు. మనకు ఇక్కడి చెరువులవేనం కొండ దగ్గర లోయ నిండా కమ్ముకునేదీ మంచే, పొద్దున్నే గడ్డి మీద నిలిచే నీటిబొట్టూ మంచే, కశ్మీర్‌లో కురిసేదీ మంచే. మా తోటలో తెల్లారేసరికి ఉప్పు చల్లినట్టు కనిపించేదాన్నీ అదే మాటతో పిలుస్తాం. తికమకంతా అక్కడే. నేను చెప్పేది ఆ ఉప్పులాంటి తెల్లమంచు (ఫ్రాస్ట్) గురించే.

అపోహ: లంబసింగిలో మంచు కురుస్తుంది.

కురవదు. ఉన్నచోటే పుడుతుంది. మబ్బు లేని, గాలి ఆడని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. గడ్డిపోచలు చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడతాయి. సున్నా డిగ్రీలకు దిగితే గాలిలోని తేమ వాటి మీద పలుకులుగా గడ్డకడుతుంది. పై నుంచి పడేదైతే మా గట్టు మీది సిల్వర్ ఓక్ కొమ్మలూ తెల్లబడాలి కదా? వాటి మీద ఏమీ ఉండదు, బయట మడిలోని గడ్డి మాత్రం తెల్లగా ఉంటుంది.

ఒక్కసారి స్ట్రాబెర్రీ ఆకును దగ్గరగా చూడండి. దాని అంచు రంపపు పళ్ళలా ఉంటుంది. వేళ్ళు పీల్చిన నీరు రాత్రిపూట ఆ పళ్ళ కొసల్లోంచి బొట్లుగా బయటికి వస్తుంది. బాగా చలి వేసిన రోజు ఆ బొట్లు గాజుపూసల్లా గట్టిపడతాయి. ఆకు నూగు మీద మాత్రం సన్నని తెల్లటి సూదులు. పూస అంటే గడ్డకట్టిన బొట్టు, సూది అంటే గాలిలోని తేమతో పెరిగినది. ఒకే ఆకు మీద రెండూ! ఇన్నేళ్ళయినా నాకు ఆ ఆకు ముందు కూర్చోకుండా పని మొదలుపెట్టాలనిపించదు.

అపోహ: ఇంత చలికి ఎత్తే కారణం.

ఎత్తు సుమారు 1,000 మీటర్లు. దానివల్ల సముద్రతీరం కంటే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది, అంతే. మిగతా పని లోయది. చల్లగాలి బరువు, నీళ్ళలా పల్లానికి జారి నిలుస్తుంది. అందుకే మా పై మడిలో రాజ్మా బాగుంటే, పది అడుగుల కింద ఉన్న మడిలో వాడిపోతుంది. రాత్రి బయట ఉంటే కొర్రలా (అంటే కర్రలా) బిగుసుకుపోతారని లంబసింగికి కొర్రబయలు అని పేరు పెట్టిన పెద్దలకు ఈ చలి బాగా తెలుసు.

అపోహ: థర్మామీటర్ 3 డిగ్రీలు చూపిస్తే భయం లేదు.

దాన్ని నేలకు నాలుగడుగుల పైన పెడతారు. ఆకు ఉండేది నేల మీద. అక్కడ మరో మూడు నాలుగు డిగ్రీలు తక్కువ ఉండొచ్చు. నాకు టెన్షన్ పెట్టేది మబ్బు పట్టిన రాత్రి కాదు, చుక్కలు మిలమిలా మెరిసే రాత్రి. మబ్బు దుప్పటిలా నేల వేడిని ఆపుతుంది.

అపోహ: చలికాలం నీళ్ళు పెడితే మొక్క చచ్చిపోతుంది.

మధ్యాహ్నం నేల తడపండి. తడినేల పగటి వేడిని దాచుకుని రాత్రి మెల్లగా వదులుతుంది. సాయంత్రం గోనెపట్టాగానీ గడ్డిగానీ కప్పి, ఎండ రాగానే తీసేయండి. ప్లాస్టిక్ షీటు ఆకుకు ఆనిందంటే ఆ చోటే మాడుతుంది.

అపోహ: నల్లబడ్డ కొమ్మల్ని వెంటనే కత్తిరించాలి.

మొదటి ఏడాది నేనూ మందారాన్ని అలాగే కత్తిరించాను. లేత చిగుళ్ళు వేసింది, వచ్చే వారం చలికి అవీ పోయాయి, చెట్టే దక్కలేదు. చలి పూర్తిగా తగ్గేదాకా ఆగండి. ఎండిన కొసలు కింది మొగ్గలకు కాస్త చాటు.

అపోహ: ఈ మంచు అన్ని పంటలకూ శత్రువే.

టమాటా, గుమ్మడి, రాజ్మా తట్టుకోలేవు. క్యాబేజీ, క్యారెట్ తట్టుకుంటాయి. చలికి తమలో చక్కెర పెంచుకుంటాయి కాబట్టి తియ్యబడతాయి కూడా.

చూడటానికి వచ్చేవాళ్ళకు ఒక్క మనవి. తెల్లబడ్డ గడ్డి మీద నడవకండి. గడ్డకట్టిన ఆకు అడుగు పడితే లోపల చితికిపోతుంది, తర్వాత అక్కడ పాదాల ఆకారంలో గోధుమరంగు మచ్చలు తేలతాయి. సూర్యుడు కొండ దాటకముందే వచ్చి గట్టు మీద నిలబడండి. ఎండ తాకిన కాసేపటికే ఆ పూసలూ సూదులూ కరిగి మామూలు నీటిచుక్కలైపోతాయి.